పానగల్లు నుంచి జూరాల దాకా: కొంగల వెంట, గాలం వెంట

మొదటి రోజు: పానగల్లు

మన దక్షిణ తెలంగాణలో చెరువుల దగ్గరికి వెళ్ళడానికి సంక్రాంతికి ముందటి రోజులే మంచివి. వానాకాలంలో నిండిన నీళ్ళు అప్పటికి కొంత దిగి, ఒడ్డు చుట్టూ బురద తేలుతుంది. నత్తలు, చిరుచేపలు, పురుగులు అన్నీ ఆ బురద అంచులోనే ఉంటాయి. చలికి దక్షిణానికి దిగిన వలస బాతులు కూడా అప్పటికి కుదురుకుని ఉంటాయి. పొద్దున పదింటి దాకా ఎండ కూడా ఇబ్బంది పెట్టదు. బావకు చేపలు పట్టడమంటే ప్రాణం, నాకు పిట్టలంటే. ఆయన గాలాల సంచి, నేను బైనాక్యులర్స్ పట్టుకుని ఒకే కారులో బయల్దేరాం.

మా మొదటి మజిలీ నల్లగొండను ఆనుకునే ఉన్న పానగల్లు. అక్కడి ఉదయసముద్రం కందూరు చోడుల కాలపు చెరువు. ఇప్పుడది కృష్ణా నీళ్ళతో నిండుతుంది. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన నీళ్ళు అక్కంపల్లి మీదుగా ఏఎంఆర్ (ఎలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు కాలువలో ఇక్కడికి చేరతాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన పల్లెలున్న జిల్లా ఇది. అలాంటి చోట ఎండాకాలంలోనూ ఇంత నీరు నిలబడి ఉండడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నీళ్ళ వెంటే పిట్టలూ వచ్చాయి.

కట్ట మీద కారు ఆపి, దిగువన తుంగ మొలిచిన మూలకు నడిచాం. అక్కడ నత్తగుల్ల కొంగలు మేస్తున్నాయి. వాటిలో ఒకటి మాకు బాగా దగ్గరగా ఉంది. దాని ముక్కు రెండు చెక్కల మధ్య నడిమిన సందు ఉంటుంది, మూసినా అవతలి వెలుతురు కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. అది తల వంచి ముక్కును బురదలో గుచ్చి మెల్లగా కదిలించింది. కళ్ళతో వెతకడం లేదు, ముక్కు కొసకు తగిలేదాకా తడుముతోంది. ఒక పెద్ద నత్త దొరికింది. దాన్ని నీళ్ళలోనే నేలకు అదిమిపట్టి, కింది ముక్కు కొసను మూత పక్క నుంచి లోపలికి దూర్చింది. చూస్తుంటే అడకత్తెరతో వక్క పగలగొడుతుందనిపిస్తుంది గానీ అది గుల్లను పగలగొట్టదు. లోపల మాంసాన్ని గుల్లకు పట్టి ఉంచే కండను తెంపుతుంది, అంతే. తల ఒకసారి విదిలించింది, మెత్తటి ముద్ద బయటకొచ్చింది, గొంతు దిగిపోయింది. ఖాళీ గుల్ల ఒడ్డున మిగిలింది. వంగి తీసి చూశాను, అంచు ఎక్కడా చిట్లలేదు.

బావ కూడా ఆ గుల్లల కుప్పనే చూస్తున్నాడు. "నత్తలు ఇన్ని ఉన్నయంటే కింద బురద మంచిగుందన్నట్టే. మెత్తటి అడుగు, గడ్డి. కొర్రమట్ట ఈడనే ఉంటది" అన్నాడు. కానీ ఇక్కడ చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘానిది, ఆ పొద్దు అడుగుదామంటే ఎవరూ దొరకలేదు. గాలం సంచి నుంచి బయటికి రాలేదు.

పొద్దు పోయేలోగా ఛాయా సోమేశ్వరాలయం చూసొచ్చాం. గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద పగలంతా ఒకే చోట నిలిచే స్తంభం నీడ గురించి అందరూ రాశారు, నేను మళ్ళీ రాయను.

రెండో రోజు: డిండి

దేవరకొండ రోడ్డులో కరెంటు తీగల మీద పాలపిట్టలు. 2014లో రాష్ట్ర పక్షిగా ప్రకటించిన పిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండి, ఎగరగానే రెక్కల్లో నీలం విచ్చుకుంటుంది. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని అడ్డుపెట్టుకుని పిట్టల్ని పంజరాల్లో పెట్టి, రెక్కలు కట్టి, డబ్బులకు చూపించేవాళ్ళున్నారు. అది చట్టరీత్యా నేరం. పంజరంలో చూసిన పాలపిట్టకు దండం పెట్టకండి. ఊరు దాటి అయిదు నిమిషాలు నడిస్తే తీగ మీద ఉచితంగా కనిపిస్తుంది.

డిండి జలాశయం నిజాం కాలంలో డిండి వాగు మీద కట్టింది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు దీని పక్క నుంచే సాగుతుంది, బస్సుల్లో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి ముందుకు వెళ్ళిపోతారు. దిగి, రోడ్డు చప్పుడు వినపడనంత దూరం నడిస్తే వేరే లోకం. మేం వెళ్ళిన పొద్దున నీళ్ళ నడుమ బొల్లికోళ్ళు గుంపుగా ఈదుతున్నాయి, నల్లటి ఒళ్ళు, తెల్లటి నొసలు. ఎండిన తుమ్మ మోడు మీద నీటికాకులు రెక్కలు చాచి కూర్చున్నాయి. నీటికాకి రెక్కలు నీళ్ళను పూర్తిగా ఆపవు, తడిసి బరువెక్కుతాయి. అందుకే లోతుకు మునగడం దానికి తేలిక, పైకొచ్చాక ఇలా ఆరబెట్టుకోక తప్పదు.

ఒడ్డున వల అల్లుకుంటున్న పెద్దాయన సంఘం మనిషే. అడిగితే, "ఒక గాలం ఏసుకుంటె ఏమైతది సారూ, ఏసుకోండ్రి. పిల్లల జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు. పిల్లలంటే చేపపిల్లలు. బావ ఆయన పక్కనే కూర్చున్నాడు. తర్వాత రెండు గంటలు నేను పిట్టల్ని వదిలేసి ఆయన మాటలే విన్నాను.

కొర్రమట్ట, అంటే కొర్రమీను, గాలి పీల్చే చేప. మొప్పలొక్కటే చాలవు, పైకొచ్చి గాలి మింగాలి, లేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. అందుకే ఎంత దాక్కున్నా దాని జాడ తెలుస్తుంది. గడ్డి అంచున నీళ్ళు ఒక్కసారి 'గుబుక్'మంటాయి, రెండు బుడగలు పైకొస్తాయి. "బుడగ మీద గాలం ఎయ్యొద్దు. అది ఊపిరి తీసుకుని ఎటు తిరిగిందో ఆ గడ్డి వంక చూడాలె. గడ్డి కొస కదులుతది. దాని ముందర ఎయ్యాలె" అని చెప్పాడు పెద్దాయన. ఎరగా చిన్న కప్ప కట్టాలి. ఎర్రలకు (వానపాములకు) జెల్లలు, పరకల్లాంటి చిన్న చేపలు వస్తాయి గానీ పెద్ద కొర్రమట్ట కప్పనే కోరుతుంది.

ఆయన చెప్పిన ఇంకో మాట నేను ఎప్పటికీ మరచిపోను. తొలకరి వానలకు కొర్రమట్ట గడ్డి తొలిచి గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక కొన్ని రోజులు ఎర్రటి రంగులో, గుంపుగా, నీళ్ళ పైభాగంలోనే తిరుగుతాయి. ఆ ఎర్రటి గుంపు కిందనే తల్లీతండ్రీ కాపలా. దగ్గరికొచ్చిన దేన్నయినా కరవబోతాయి, కప్పనైనా, గాలాన్నైనా. అంటే ఆ రోజుల్లో వాటిని పట్టడం చాలా సులభం. "అప్పుడు పట్టినోడు ఒక్క చేపను పట్టలే, వెయ్యి చేపలను చంపిండు. కావలి లేని పిల్లల్ని పొద్దూకే లోపల కొంగలు, పాములు ఖతం చేస్తయి" అన్నాడు. మన రాష్ట్ర చేప ఈ కొర్రమీనే. మృగశిర కార్తె నాడు తెలంగాణ అంతా చేపలు తినే ఆచారం కూడా సరిగ్గా ఆ తొలకరిలోనే పడుతుంది. మార్కెట్లో ఆ రోజు దొరికే కొర్రమీను చెరువుల్లో పెంచినదా, గూడు కాస్తున్న జంటలో ఒకటా అని అడిగి కొనేవాళ్ళు ఎందరున్నారో గానీ, అడగాల్సిన మాట అది.

బావకు మధ్యాహ్నానికి అరచేయి అంత జెల్లలు రెండు, ఓ మోస్తరు కొర్రమట్ట ఒకటి పడ్డాయి. జెల్లల్ని వదిలేశాడు. కొర్రమట్టను పెద్దాయన కోడలు బూడిద వేసి బండకు రుద్ది, పొలుసు తీసి, ముక్కలు కోసి, చింతపండు పులుసులో మెంతులు, ఎల్లిపాయ వేసి వండింది. జొన్నరొట్టెతో తిన్నాం. ముల్లు తక్కువ, మాంసం గట్టి. దానికి అంత ధర ఎందుకో నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది.

మూడో రోజు: మన్ననూరు

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో గాలం మాటే ఎత్తకూడదు, ఎత్తలేదు. 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోంచి పోయే శ్రీశైలం రోడ్డు మూసేస్తారు, ఆ లెక్క చూసుకుని రావాలి. ఫరహాబాద్ సఫారీలో మా వెంట వచ్చిన చెంచు యువకుడు పిట్టలను చెవితో పట్టేవాడు. నేను ఆకుల్లోకి బైనాక్యులర్స్ తిప్పుతుంటే, "అది డేగ కాదు సార్, డేగ లెక్క కూస్తున్న ఏట్రింత" అని తేల్చేశాడు. నిజమే, తోక చివర రెండు పొడుగు ఈకలు వేలాడుతున్న ఆ నల్లపిట్ట ఇతర పిట్టల గొంతుల్ని అచ్చంగా అనుకరిస్తుంది. పులి కనిపించలేదు. దాని కోసం మేం రాలేదు కూడా.

నాలుగో రోజు: సోమశిల

అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరి, అక్కడి నుంచి సోమశిల. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. ముందర కృష్ణ, అవతల నల్లమల కొండలు వరుసగా. లలితా సోమేశ్వరుడి గుడిని ముంపు నుంచి తప్పించి పైకి తెచ్చి కట్టారు. ఊళ్ళకు అలాంటి అదృష్టం దక్కలేదు. 1981 ప్రాంతంలో ఖాళీ చేయించిన పల్లెల వాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఒడ్డున ఎవరైనా అడిగితే "మా ఊరు అగో ఆడ, నీళ్ళ కింద" అని వేలు చూపిస్తారు. భూమి పోయినవాళ్ళలో కొందరికి ఈ నీళ్ళే బతుకైంది, పుట్టి (గుండ్రటి చిన్న పడవ) కొని వల పట్టారు.

సాయంత్రం ఒడ్డు మీదే గడిపాం. నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి నీళ్ళ మీద గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడింది. మిగతా లకుముకులు ఎక్కువగా కొమ్మ మీంచి చూసి దూకుతాయి. దీనికి కొమ్మ అక్కర్లేదు, గాలే దాని కొమ్మ. అందుకే చెట్టు లేని ఇంత పెద్ద జలాశయం నడిమిన కూడా బతకగలుగుతుంది. ముక్కు కిందికి దించి, తల కదలకుండా, ఒక్కసారి నిట్టనిలువుగా పడింది. లేచినప్పుడు ముక్కులో వెండి తునక మెరిసింది.

ఆ రాత్రి ఒక పుట్టి వాళ్ళతో మాట్లాడుకున్నాం. మొగుడూ పెళ్ళాం కలిసి వేటకు పోతారు. ఆయన వల వేస్తే ఆమె తెడ్డు వేస్తుంది. తెల్లారుజామున నాలుగింటికి రమ్మన్నారు.

అయిదో రోజు: పుట్టి మీద

వెన్నులోకి దిగే చలి. పుట్టిలో నేనూ ఆమె ఒక పక్క, బావా ఆయనా మరో పక్క, లేకపోతే తిరగబడుతుందని ముందే చెప్పింది. సాయంత్రం వేసిన కట్టువల బెండ్లు చీకట్లో తెల్లచుక్కలుగా కనిపించాయి. ఆయన వల లాగడం మొదలుపెట్టాడు. మొదటి పది బారల్లో ఏమీ లేదు. తర్వాత ఒక రవ్వ, రెండు బొచ్చెలు, వాటి వెనుక జెల్లలు. జెల్లకు రెక్కల దగ్గర రెండు, వీపు మీద ఒకటి ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే గంటలు సలుపు. ఆమె బొటనవేలిని ముల్లు వెనుక పెట్టి తల అదిమి, రెండో చేత్తో వల కన్నును ముల్లు మీంచి వెనక్కి, వచ్చిన దారినే జరిపింది. ఒక్క పోగు తెగలేదు, చేపకు ఒక్క గీత పడలేదు. దీపం లేదు, వేళ్ళే చూస్తున్నాయి.

వెలుతురు వచ్చాక అసలు పాఠం మొదలైంది. రివర్ టెర్న్‌లు, బూడిదరంగు ఒళ్ళు, నల్లటి టోపీ, పసుపు ముక్కు, నది పొడుగునా ఒక్కొక్కటిగా గస్తీ తిరుగుతున్నాయి. నేను వాటినే చూస్తున్నాను. పుట్టి ఆయన కూడా వాటినే చూస్తున్నాడు. కాసేపటికి నాలుగు పిట్టలు ఒకే చోట చేరి వరసగా మునగసాగాయి.

"అమ్మీ, అటు కొట్టు" అన్నాడు ఆయన. ఆమె తెడ్డు తిప్పింది.

"పిట్టలు ఒక్కతాన మునిగినయంటే పరకలు పైకొచ్చినట్టు. పరకలు ఊకెనే పైకి రావు సారూ. కింద వాలుగ తరిమితేనే వస్తయి" అని చెప్పింది ఆమె.

బావ అప్పటికే గాలం సిద్ధం చేశాడు, ఎరగా వలలో పడ్డ చిన్న పరక. పిట్టలు మునిగిన చోటుకు కాస్త అవతల, లోతు వైపు విసిరాడు. మూడోసారికి తాడు బిగిసింది. పైకొచ్చింది వాలుగే. బల్లపరుపు తల, పెద్ద నోరు, పొలుసు లేని ఒళ్ళు. బావ ముఖం చూడాలి! ఆయన్ని పెళ్ళిలో కూడా అంత సంతోషంగా చూడలేదు. నా సంతోషం వేరు. ఇన్నేళ్ళూ నేను చూసిన టెర్న్‌కి కింద ఇంకో కథ నడుస్తోందని, ఆ కథ తెలిసినవాళ్ళు నా పుస్తకాల్లో లేరు, ఈ పుట్టిలో ఉన్నారని ఆ పొద్దున తెలిసింది.

తిరిగి వస్తుంటే ఒక లంక అవతల పరదాల మీద ఎండబెట్టిన చేపపిల్లలు కనిపించాయి. చిటికెన వేలంత కూడా లేవు, రవ్వ పిల్లలు, బొచ్చె పిల్లలు, పరకలు అన్నీ కలిసి. అలివి వల పని అని చెప్పారు. నిషేధం ఉన్న వల. కన్ను ఎంత సన్నగా ఉంటుందంటే దోమతెరకూ దానికీ తేడా తెలియదు. మనుషులు పెద్ద గుంపుగా చేరి దాన్ని ఒడ్డుదాకా ఈడ్చుకొస్తే ఆ మడుగులో ఏదీ మిగలదు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు వేస్తారు, అడిగితే గొడవ, అని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఏటా జలాశయాల్లో ప్రభుత్వం వదిలే చేపపిల్లలు కిలో రెండు కిలోలు కాకముందే ఇలా పరదా మీద ఎండితే సంఘం వాళ్ళకు మిగిలేదేమిటి? పరక లేకపోతే టెర్న్ ఎక్కడ మునుగుతుంది? టెర్న్ మునగని నదిలో వాలుగ ఎక్కడుందో పుట్టివాడికి ఎవరు చెబుతారు? కోపం వచ్చింది, ఇప్పుడు రాస్తున్నా వస్తోంది. ఎండుచేపల్లో వేలంత పిల్లల్ని కొనేవాళ్ళు మానేస్తే అలివి వలకు పని ఉండదు. మనలో ప్రతి ఒక్కరి చేతిలో ఉన్న పని ఇది.

ఆరో రోజు: జూరాల

దారిలో సరళాసాగర్ దగ్గర కాసేపు ఆగాం. వనపర్తి సంస్థానం రాజా పూనిక. 1949లో పునాది, 1959లో ప్రారంభం. నీళ్ళు నిండితే మనిషి చెయ్యి పడకుండా సైఫన్లే తెరుచుకుని వరదను వదులుతాయి. 2019 డిసెంబరు 31న కట్ట తెగింది, తర్వాత మళ్ళీ కట్టారు. సైఫన్ల కింద గుంటల్లో గుడ్డికొంగలు చేపల కోసం నిలబడి ఉన్నాయి.

ఆత్మకూరు దాటి జూరాల. 1981లో మొదలైన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు తెలంగాణలో కృష్ణకు మొదటి ఆనకట్ట. అరవైకి పైగా గేట్లు ఒకే వరుసలో ఉంటే ఈ కొస నుంచి ఆ కొస కనిపించదు. దిగువన నది బండలుగా, పాయలుగా విడిపోతుంది. బండ మీద ఒక మొసలి ఎండ కాగుతోంది. ఇక్కడ నీళ్ళలో దిగి గాలం వేయాలనుకునేవాళ్ళు ముందు ఆ బండ వంక చూడాలి. పైనుంచి సైరన్ వినపడితే వెంటనే ఒడ్డెక్కాలి, గేటు ఎత్తితే పాయ నిమిషాల్లో నిండుతుంది. బావ ఒడ్డు మీంచే వేశాడు, ఏమీ పడలేదు, పట్టించుకోలేదు.

ఎగువన మెట్ట వైపు పట్టెతల బాతులు మేస్తున్నాయి. తెల్లటి తల మీద రెండు నల్లటి అడ్డపట్టీలు. మంగోలియా, టిబెట్ వైపు గుడ్లు పెట్టి, హిమాలయాలను దాటి ఇక్కడి పొలాల గట్ల మీద గడ్డి మేయడానికి వస్తాయి. కుక్క ఒకటి అటు నడిచేసరికి మెడలన్నీ ఒక్కసారి లేచాయి. పొలంలో ఉన్న రైతు రాయి విసిరి కుక్కను తరిమాడు. "చలికాలం చుట్టాలు గదా" అన్నాడు మావైపు చూసి.

ఆనకట్ట దగ్గర చేపలు వేయించి ఇచ్చే కొట్లున్నాయి, జూరాల చేపల కోసమే గద్వాల నుంచి, కర్నూలు నుంచి వచ్చేవాళ్ళున్నారు. మేం ఆగిన కొట్టులో ఉప్పు, కారం, అల్లం పట్టించిన ముక్కలు పళ్ళెంలో సిద్ధంగా ఉన్నాయి. పక్కన గిన్నెలో అరచేతి కన్నా చిన్న చేపలు. "ఇవి అగ్గువకిస్త అన్నా" అంది కొట్టామె. బావ వద్దన్నాడు. "పెద్దది ఒకటి కొయ్యక్కా, పైసలెక్కువైనా సరే" అన్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. బొచ్చె ముక్కలు నూనెలో వేస్తూ, మీరు నిన్నటి నుంచి పిట్టల్ని చూస్తున్నోళ్ళేనా అని అడిగింది. కాదు, ఇప్పుడే వచ్చాం అన్నాను. అయితే మళ్ళీ రావాలంది. మార్చిలో దిగువ బండల మీద టెర్న్‌లు గుడ్లు పెడతాయి, దగ్గరికి పోతే నెత్తి మీద పొడుస్తాయి, వంతెన మీద నుంచి చూస్తే మంచిదని చెప్పింది. ఏ బండో చేయి చాపి చూపించింది, నేను గుర్తుగా ఒక బొమ్మ గీసుకున్నాను. బావ ఆఫీసుకు మార్చి రెండో వారం సెలవు చీటీ ఇస్తానన్నాడు.